మూలింటి వంతు

మా గుడికి కొత్త పాస్టరు అయ్యగారు వచ్చిన మూడో ఆదివారం, ఆరాధన అయ్యాక నన్ను వెస్ట్రీలోకి, అంటే గుడి సామాను ఉంచే గదిలోకి పిలిచాడు. నా మొలకు వేలాడే గుత్తి వంక ఒకసారి చూసి, "అన్నా, ఈ గది తాళంచెవికి ఆరు నకళ్ళు చేసిపెట్టాలి మీరు," అన్నాడు.

"ఆరెందుకండీ?"

"ఆరుగురికి పని పంచుతున్నాం కదా. తాళం ఒకరి దగ్గరే ఉంటే పనీ ఒకరి దగ్గరే ఉండిపోతుంది."

ఆ ఒకరు నేనే. మా లూథరన్ సంఘంలో ఇరవై రెండేళ్ళుగా గంట కొట్టింది నేను. బలిపీఠం మీద గుడ్డ మార్చింది నేను. రొట్టె బిళ్ళలు పళ్ళెంలో పేర్చింది నేను. నడవలేక ఇంట్లో కూర్చున్నవాళ్ళకు నెలకోసారి ప్రభువు బల్ల సంస్కారం ఇవ్వడానికి పాత అయ్యగారు బయల్దేరితే, ఆ రొట్టె, ద్రాక్షరసం ఉన్న పెట్టె పట్టుకుని వెనకాల నడిచింది నేను. వారమంతా బడి వీధిలో నా కొట్టులో కూర్చుని పాడైన తాళాలు విప్పుతాను, తాళంచెవులు కోస్తాను. ఆదివారం ఒక్కరోజే నేను నలుగురికీ కనపడే మనిషిని. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. అనేది కాదు.

ఆ సాయంత్రం కొట్టులో ఆరు తాళంచెవులూ కోశాను. ఒక్కొక్క పన్నూ ఆకురాయితో సాపు చేశాను. నా పెత్తనాన్ని నా చేత్తోనే ఆరు ముక్కలు కోయించాడు మహానుభావుడు. ఆరోదాన్ని కాస్త బిగుతుగా వదిలేద్దామా అనిపించింది. వదల్లేదు. దొంగపని నా చేతుల్లో లేదని అప్పటికి నా నమ్మకం.

అది పచ్చగుడ్డ కాలం. మా ఆరాధన క్రమంలో ఏడాదిలో దాదాపు సగం రోజులు బలిపీఠం మీద పచ్చగుడ్డే ఉంటుంది. పెద్ద దినాలేవీ ఉండవు. ఆదివారం తర్వాత ఆదివారం, అంతే. ఏమీ జరగని ఆ రోజుల్లోనే కొత్తపద్ధతి మొదలుపెట్టాలని అయ్యగారి ఆలోచన.

మనిషికి నలభై లోపే. సన్నగా, చొక్కా చేతులు మడిచి, ఎప్పుడూ ఎక్కడికో బయల్దేరబోతున్నట్టుండేవాడు. ఆయనకో మాటుంది: దేనికి? ఏది చూసినా అదే.

"గంట మూడుసార్లు దేనికి కొడతామన్నా?"

"ఎప్పట్నుంచో అంతే కొడతామండీ."

"ఎప్పట్నుంచో చెప్పారు. దేనికో చెప్పలేదు."

పక్కనున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. అదే నాకు మరీ మండింది. నేను అయిదో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. ప్రశ్న అడిగి జవాబు కోసం ఎదురుచూసే మొహాన్ని చూస్తే నాకిప్పటికీ అరచేతులు చెమరుస్తాయి.

తర్వాత ఒక కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. తాను గుడిలో ప్రార్థించి ఇచ్చిన రొట్టె, రసం ఇకమీదట వీధికో జట్టు ఇళ్ళకు పట్టుకెళ్ళి ఇవ్వాలట. "ఇల్లు కదల్లేని పెద్దవాళ్ళు ఎవరెవరున్నారో మీకు తెలిసినంత ఎవరికీ తెలియదట. చెప్పండి, రాసుకుంటాను."

పంతొమ్మిది ఇళ్ళు. ఏ ఇంట్లో కుక్కుంది, ఏ ఇంట్లో వెనక తలుపు తట్టాలి, ఎవరికి కుడిచెవి వినపడదు, అన్నీ నా తలలో ఉన్నాయి.

"చెప్పడానికేముందండీ, అందరికీ తెలిసినవాళ్ళేగా. మీ జట్లు వీధులెమ్మట తిరిగితే వాళ్ళే కనపడతారు."

"సరే అన్నా," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అలా వీధులు పంచారు. బడి వీధి జట్టుకు పెద్ద పోస్టు బావ. ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి, మా ఆవిడకు అన్న వరస. గోదాం వీధి జట్టుకు పెద్ద మా ఆవిడ.

మా ఆవిడ! ఆసుపత్రిలో ఆయా. ఇరవై రెండేళ్ళు గుడిలో వెనకనుంచి మూడో బెంచీలో కూర్చుని, పాట తప్ప నోరు తెరవని మనిషి. అయ్యగారు ఒక్కొక్కళ్ళనీ ఏం పని చేస్తారని అడుగుతూ వస్తే, "బెడ్‌పాన్లు తీస్తానండీ, పక్కలు మారుస్తాను," అంది తలొంచుకుని. ఆయన చేతిలో కలం కింద పెట్టేశాడు. "మంచాన పడ్డవాళ్ళ పక్కన కూర్చోవడం ఇక్కడ మీకంటే ఎవరికి తెలుసమ్మా?" అన్నాడు. అంతే, అయిపోయింది.

తర్వాతి ఆదివారం రెండు జట్ల పెద్దలూ లేచి తమ పేర్ల జాబితా చదివారు. నేను తలుపు దగ్గర గుత్తి పట్టుకుని నిలబడ్డాను. పోస్టు బావ ఎనిమిది ఇళ్ళు చదివాడు. మా ఆవిడ పది చదివింది.

ఒకటి తగ్గింది.

నాకు మరుక్షణమే తెలిసింది ఎవరిదో. కుట్టు పిన్నిది. నలభై ఏళ్ళు మా బలిపీఠం గుడ్డలన్నీ కుట్టిన మనిషి. పచ్చవి, తెల్లవి, ఊదావి, అన్నీ ఆమె మిషను మీద నుంచి వచ్చినవే. ఆమె ఇల్లు రెండు వీధులూ కలిసే మూలమీద ఉంది. వెనకటికి తలుపు గోదాం వీధిలోకి ఉండేది, ఇంటి నంబరూ ఆ వీధిదే. అక్కడ రోడ్డు ఎత్తు చేసినప్పుడు వానకు నీళ్ళు లోపలికి వస్తున్నాయని ఆ తలుపు ఇటుకలతో మూసేసి, పక్కగా బడి వీధిలోకి కొత్త తలుపు పెట్టుకుంది. దానికి తాళం బిగించింది నేనే. పోస్టు బావ జన్మంతా నంబర్లు చూసి నడిచిన మనిషి, కాబట్టి ఆయన లెక్కలో ఆ ఇల్లు గోదాం వీధిది. మా ఆవిడ తలుపులు చూసి నడిచే మనిషి, ఆమెకు గోదాం వీధిలో అక్కడ కనపడేది ఉత్త గోడ. వాళ్ళదని వీళ్ళు, వీళ్ళదని వాళ్ళు.

నోరు తెరిచాను. అప్పుడే అయ్యగారు, "మూడు నెలలు చూద్దాం. పన్నెండో ఆదివారం అందరం కూర్చుని మాట్లాడుకుందాం. ఒక్క మనిషికి అన్యాయం జరిగినా ఈ పద్ధతి మానేసి పాత దారికే పోదాం. అప్పటిదాకా నేను వెంట రాను, పని మీదే," అన్నాడు.

తెరిచిన నోరు మూసుకున్నాను.

గుడి మెట్ల మీద సంఘం కార్యదర్శి నన్ను కలిశాడు. కలప డిపోలో గుమాస్తా ఆయన. కొత్తపద్ధతి ఆయనకూ గిట్టదు. "ఏమయ్యా, నీ గంటొక్కటే మిగిల్చారా?" అని ఎత్తిపొడిచాడు.

"పన్నెండో ఆదివారం దాకా ఆగండి. నా దగ్గరొక సంగతుంది."

"ఏమిటది?"

"అప్పుడే చెప్తాను."

ఆ మాట చెప్పాక నడుం కాస్త నిటారైంది.

*

ఆదివారాలు మా ఇల్లు మాది కాకుండా పోయింది. ఆరాధన కాగానే మా ముందుగదిలో ఆమె జట్టువాళ్ళు. ఒకతను నా కుర్చీలోనే కూర్చునేవాడు. మా ఆవిడ ఒక నోటుబుక్కు పెట్టుకుని, "ఫలానా తాతగారికి మెత్తటి రొట్టె చాలు, రసంలో ముంచి పెట్టండి, మింగలేరు," అని చెబుతుంటే వాళ్ళు రాసుకునేవాళ్ళు. ఆమె గొంతు అంత దూరం వినపడుతుందని నాకు తెలియదు.

"పెద్ద నాయకురాలివైపోయావే," అన్నాను ఒకరోజు.

"అయితే ఏమయ్యా? ఇరవై రెండేళ్ళు నువ్వు చెప్పావు, నేను విన్నాను. ఇరవై రోజులు నేను చెప్తే నీ చెవులు అరిగిపోతాయా?"

"నేనేమన్నానిప్పుడు?"

"అనలేదు. అనకుండా మొహం పెట్టుకు తిరుగుతున్నావు. జట్టులోకి రమ్మంటే రావు. నీకు తెలిసిందంతా కడుపులో దాచుకుని కూర్చున్నావు."

"అడగందే చెప్పడానికి నేనేమన్నా..."

"అయ్యగారు అడిగారుగా!"

నేను చెప్పులేసుకుని కొట్టుకు వెళ్ళిపోయాను. ఆదివారం కొట్టు తీసి కూర్చోవడం అప్పుడే అలవాటైంది. తలుపు సగం తెరిచి, విరిగిన తాళమొకటి ముందేసుకుని కూర్చునేవాణ్ణి. ఎదురుగా కుట్టు పిన్ని కిటికీ.

ఇకనుంచి నెలకోసారి కాదు, వారంవారం సంస్కారం ఇంటికే వస్తుందని ఎవరో ఆమెకు చెప్పారు. మొదటి ఆదివారమే ఉతికిన చీర కట్టుకుని, చిన్న బల్లమీద తెల్లగుడ్డ పరిచి, కిటికీ పక్కన కూర్చుంది. మధ్యాహ్నం దాటాక ఆ గుడ్డ నాలుగు మడతలు పెట్టి లోపలికి తీసుకెళ్ళింది. రెండో ఆదివారమూ అంతే. మూడోదీ అంతే.

"ఒరేయ్," అని పిలిచింది కిటికీలోంచి. "ఈ వారమూ రాలేదేంరా?"

"వస్తారు పిన్నీ. కొత్త కదా. ఇంకా సర్దుకుంటున్నారు."

"నువ్వెందుకు రావట్లేదు పెట్టె పట్టుకుని?"

"నన్ను పక్కన పెట్టారుగా."

"అయ్యో," అంది పాపం. నా మీద జాలి పడింది.

ఆరో ఆదివారం జరిగింది చెప్పాలి. ఎండ బాగా ఉంది. బడి వీధి చివరినుంచి పోస్టు బావ, ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరి చేతిలో పెట్టె, వరసగా వస్తున్నారు. కిటికీలో పిన్ని వాళ్ళను చూసింది. లేచింది. ఆమె మోకాళ్ళకు లేవడమంటే చిన్నపని కాదు. కర్ర చప్పుడు నా కొట్టులోకి వినపడింది. తలుపు గడియ తీసి, గుమ్మంలో నిలబడి, కొంగు తలమీదికి లాక్కుంది.

పోస్టు బావ దగ్గరికొచ్చాడు. "వందనాలమ్మా! ఎలా ఉంది ఆరోగ్యం?" అన్నాడు హుషారుగా. ఆమె ఏదో అనేలోపు, "ఉంటానమ్మా, వేళ అవుతోంది," అని దాటి పక్కింటికి వెళ్ళి తలుపు కొట్టాడు.

పెట్టె ఆమె ముందునుంచి, జానెడు దూరంలోంచి వెళ్ళిపోయింది.

ఆమె అలాగే నిలబడింది. పక్కింట్లోంచి పాట వినపడింది, తర్వాత ప్రార్థన. అది అయిపోయేదాకా ఆ గుమ్మంలో కదల్లేదు. నేను ఆకురాయి పట్టుకుని, అరగదీయడానికేమీ లేని ఇనుము మీద రుద్దుతూ కూర్చున్నాను. పోస్టు బావ తప్పేం లేదు. తనవాళ్ళు కానివాళ్ళ ఇంట్లో వేలు పెట్టకూడదని జట్ల మధ్య ఒప్పందం. ఆయన ఒప్పందం తప్పని మనిషి. మా ఆవిడ జట్టు వెనకాల వస్తుందనే అనుకుని ఉంటాడు. వీధి అవతలినుంచి ఒక్క కేక వేస్తే అక్కడికక్కడే తేలిపోయేది.

ఇంకా ఆరు ఆదివారాలే, అనుకున్నాను.

*

తొమ్మిదో వారంలో ఒక మధ్యాహ్నం ఆమె చెయ్యూపి పిలిచింది. వెళ్ళాను. గదిలో సాంతం సర్ది ఉంది. మిషను మీద దుప్పటి కప్పి ఉంది.

"కూర్చోరా. నిన్నొకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. నన్ను బల్లకు దూరం పెట్టారు కదూ?"

నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పాత రోజుల్లో మా సంఘంలో ఎవరైనా తప్పు చేస్తే పెద్దలు కూర్చుని మాట్లాడి, కొన్నాళ్ళు సంస్కారానికి రానిచ్చేవాళ్ళు కాదు. ఆ పద్ధతి పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆమె తలలోంచి పోలేదు.

"అదేం లేదు పిన్నీ."

"ఉంది. పెట్టె నా ముందునుంచే పోయింది. ఆయన నా మొహం చూసి కూడా ఆగలేదు. చెప్పడానికి మొహమాటపడ్డాడు, మంచివాడు." ఆమె ఒళ్ళో ఒక కాగితం పొట్లం ఉంది. దాన్ని రెండుచేతులతో నిమురుతోంది. "నేనేం చేశానా అని అన్ని వారాలూ వెతుక్కున్నాను. దొరికింది. వెనక ఊదా మఖమలు గుడ్డ కుట్టినప్పుడు మూరెడు మిగిలిందిరా. గుడి గుడ్డ అది. తిరిగిచ్చేయాల్సింది. దిండు గలీబు కుట్టుకున్నాను. మెత్తగా ఉంటుందని. అన్నేళ్ళుగా దానిమీదే తల పెట్టుకుని పడుకున్నాను, సిగ్గులేకుండా."

నాకు నవ్వొచ్చింది. నిజం చెబుతున్నాను, మొదట నవ్వే వచ్చింది. ఆమె మొహం చూసి ఆగిపోయింది.

"ఉతికి ఇస్త్రీ చేశాను. అయ్యగారికివ్వు. తప్పు ఒప్పుకుందని చెప్పు. చచ్చేలోపు ఒక్కసారి రానివ్వమను."

పొట్లం నా చేతిలో పెట్టింది. అప్పుడు ఒక్క మాట చాలు. పిన్నీ, ఇది నంబరు తికమక, నీ తప్పేం లేదు అంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకాలే ఇంకో మాట వచ్చింది: ఇంకా మూడు వారాలే.

"ఇస్తాలే పిన్నీ," అన్నాను.

కొట్టుకొచ్చి పనికిరాని తాళాలు వేసే సొరుగులో, అడుగున పెట్టాను. పన్నెండో ఆదివారం దాన్ని అందరిముందూ బల్లమీద పెడితే కొత్తపద్ధతి మొహాన ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను. ఆ ఊహలో నేను చాలా నెమ్మదిగా, పెద్దమనిషిలా మాట్లాడుతున్నాను.

*

పదకొండో ఆదివారం వెళ్ళిన మంగళవారం, నేను ఊరి అవతల ఒక గోదాం షట్టరు పనిమీద పోయాను. తిరిగొచ్చేసరికి పిన్ని కిటికీ మూసి ఉంది. స్నానాల గదిలో కాలు జారిందని, తుంటి దగ్గర బాగా దెబ్బ తగిలిందని, ఆసుపత్రికి తీసుకెళ్ళారని పక్కింటివాళ్ళు చెప్పారు.

ఏ ఆసుపత్రని అడగలేదు. ఊళ్ళో ఉన్నది ఒకటే. ఆడవాళ్ళ వార్డు ఒకటే.

శనివారం పొద్దున మా ఆవిడ రాత్రి డ్యూటీనుంచి వచ్చింది. రోజూ వస్తూనే కాళ్ళు కడుక్కుని కాసేపు నడుం వాలుస్తుంది. ఆ రోజు చెప్పులు కూడా విప్పలేదు. గడపలో నిలబడింది.

"ఆ పొట్లం ఎక్కడుంది?"

"ఏ పొట్లం?"

"నేను రెండోసారి అడగను."

ఇద్దరం కొట్టుదాకా నడిచాం. సొరుగు లాగి, తాళాలు పక్కకు తోసి, పొట్లం తీసి ఇచ్చాను. కాగితానికి తుప్పు మరకలంటుకున్నాయి. ఆమె దాన్ని కొంగుతో తుడిచింది, తుడుస్తూనే ఉంది.

"నాలుగు రోజులుగా నాతో మాట్లాడలేదామె. నొప్పికి అనుకున్నాను. రాత్రి పక్క మార్చబోతే, 'నువ్వు నన్ను ముట్టుకోవచ్చా అమ్మా, నీకేం కాదా,' అంది. ముట్టుకోవచ్చా అంది! అప్పుడు చెప్పింది. పొరపాటమ్మా, ఇల్లు ఎవరి వంతో తెలీక జరిగింది అంటే, 'పదకొండు వారాలుంటుందా పొరపాటు? మీ ఆయనకు తెలుసుగా, నేను పొట్లమిచ్చాగా,' అంది. నేనేం చెప్పనయ్యా?"

నేను గోడకు వేలాడే తాళంచెవుల వంక చూస్తున్నాను.

"మొదటినుంచీ తెలుసా నీకు?"

"ఊఁ."

"నా మీద కోపమా? అయ్యగారి మీదా?"

తాళాలు మళ్ళీ సొరుగులో సర్దాను.

"రేపు మీటింగులో ఏం చెప్తావు?" అన్నాను చివరికి.

"నా తప్పు నేను చెప్తాను. గోడ వెనక మనిషుందని చూసుకోలేదు, జట్టు పెద్దగా అది నాది. నీది నేను చెప్పను. నీ ఇష్టం."

ఇంటికెళ్ళి నాకు అన్నం పెట్టింది. ఎప్పట్లాగే పెట్టింది.

*

పన్నెండో ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ గుడిలోనే కూర్చున్నారు. అయ్యగారు పక్కగా ఒక స్టూలు మీద కూర్చున్నాడు. పోస్టు బావ లేచి, తన జట్టు ఎనిమిది ఇళ్ళకూ ఒక్క వారం తప్పకుండా వెళ్ళిందని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. మా ఆవిడ లేచింది.

"మేం పది ఇళ్ళకు వెళ్ళాం. పదకొండోదానికి వెళ్ళలేదు. కుట్టు పిన్నిగారికి పదకొండు వారాలుగా సంస్కారం అందలేదు. ఇప్పుడామె ఆసుపత్రిలో ఉంది. తనను వెలేశామనుకుంటోంది. ఆ ఇల్లు నా వీధిది. నేను చూసుకోలేదు. నాదే తప్పు."



పోస్టు బావ మొహం నల్లబడింది. "ఆగు చెల్లెమ్మా. నంబరు మీదే, తలుపు మాది. నేనామెను పలకరించి, దాటి పోయాను. పెట్టె వెంట ఉండి కూడా దాటి పోయాను. దేవుడా!" అంటూ కూర్చోబోయి, బెంచీ అంచు దొరక్క పక్కాయన మీద పడ్డాడు. ఎవరూ నవ్వలేదు.

అయ్యగారు లేచాడు. "గీత గీసింది నేను. ఆ మూలదాకా నడిచి చూడకుండా గీశాను. ఒక్క మనిషికి అన్యాయం జరిగినా పాత దారికే పోదామని మాటిచ్చాను. మాట మీదే ఉంటాను."

నేను పన్నెండు వారాలుగా ఎదురుచూసిన మాట అది. నేను అడక్కుండానే, నేను నోరు తెరవకుండానే నా ముందుకొచ్చి నిలబడింది. ఊరుకుంటే చాలు. గుత్తి మళ్ళీ నాదే.

కార్యదర్శి వెనక్కి తిరిగి, "ఏమయ్యా, పన్నెండో ఆదివారం ఏదో చెప్తానన్నావు?" అని పెద్దగా అడిగాడు. గెలిచినవాడి గొంతు. "ఇదేనా నీ సంగతి?"

అందరూ నా వైపు తిరిగారు. మా ఆవిడ తిరగలేదు. ఆమె మెడ మాత్రం కనపడుతోంది నాకు.

లేచాను. ఊహించుకున్న పెద్దమనిషి ఎక్కడికో పోయాడు.

"ఆ ఇల్లు మా కొట్టుకెదురే. పేర్లు చదివిన రోజే నాకు తెలుసు, ఇల్లు తప్పిందని. చెప్పలేదు." ఇంకేదో అనాలి. "పద్ధతిలో తప్పు లేదు."

కూర్చున్నాను.

"మొదటిరోజేనా అన్నా?" అన్నాడు అయ్యగారు.

"మొదటిరోజే."

ఆయన దేనికి అని అడగలేదు. అడిగితే బాగుండేది.

అవతల బెంచీలోంచి ఒకావిడ, "ఛీ," అంది. ఒక్క అక్షరమే. ఇప్పటికీ ఆమె ఎదురైతే నేను వీధి దాటిపోతాను.

తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నారు. జట్లు ఉండాలన్నారు. మూలిళ్ళు రెండు జట్లకూ ఉండాలన్నారు. నా తలలో ఉన్న పంతొమ్మిది ఇళ్ళూ అప్పటికప్పుడు చెప్పించి కాగితం మీద పెట్టించారు. నేను చెబుతుంటే పోస్టు బావ రాశాడు, తల ఎత్తకుండా.

అయిపోగానే అయ్యగారు, "నేనిప్పుడే ఆసుపత్రికి వెళ్తాను," అని బయల్దేరాడు.

మా ఆవిడ పెట్టె చేతిలోకి తీసుకుంది. "ఈ వంతు మాది అయ్యగారూ. మీరు రేపు రండి."

ఆయన ఆగిపోయాడు. తలూపి పక్కకు జరిగి దారిచ్చాడు. ఆమె నా ముందుకొచ్చి పెట్టె నా చేతికిచ్చింది. "పద," అంది.

*

వార్డులో చివరి మంచం. పిన్ని ఎంత చిన్నదైపోయిందో! మా ఆవిడ ముందు ఆమె తల ఎత్తి, ఊదా గలీబు దిండుకు తొడిగి, మళ్ళీ పడుకోబెట్టింది. పిన్ని చెయ్యి పక్కకు పాకి ఆ గుడ్డను తడిమింది.

"తిరిగిచ్చేశారా? అంటే..." నా వంక చూసింది. "అయ్యగారేమన్నార్రా? కొట్టేశారా నా తప్పు?"

"నీ తప్పేం లేదు పిన్నీ. నీ ఇల్లు జాబితాలో తప్పిపోయింది. అది నాకు తెలుసు. మొదటినుంచీ తెలుసు. చెప్పలేదు."

"ఎందుకురా?"

"నన్ను పక్కన పెట్టారని."

ఆమె నా వైపు తల తిప్పింది. కళ్ళజోడు లేదు, నా మొహం ఎంతవరకు కనపడిందో తెలియదు.

"నేను నీకోసం రోజూ ప్రార్థన చేశాను," అంది. "నిన్ను పక్కన పెట్టారే అని."

పెట్టె మూత తీయబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నువ్వివ్వకు. మీ ఆవిణ్ణివ్వమను."

మా ఆవిడ నా చేతిలోంచి పెట్టె తీసుకుంది. నేను నాలుగడుగులు వెనక్కి వేసి గోడకానుకున్నాను. వాక్యాలు చదువుతున్నప్పుడు ఆమె గొంతు ఒక్కచోట కూడా తడబడలేదు. పిన్ని నోరు తెరిచి రొట్టె తీసుకుంది. నేనెన్ని వేల బిళ్ళలు పేర్చానో, ఒక మనిషి దాన్ని తీసుకునేటప్పుడు మొహం ఎలా ఉంటుందో అంతకుముందు చూడలేదు.

రెండు వారాలకు ఆమెను ఇంటికి పంపించారు. ఆదివారం మా ఆవిడ పెట్టె నా చేతికిచ్చింది. అడగలేదు, ఇచ్చింది. మూలింటిదాకా మోసుకెళ్ళాను. తలుపు దగ్గర ఆమె తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను మెట్టు మీద కూర్చున్నాను. లోపల ప్రార్థన, పాట, నెమ్మదిగా మాటలు, ఒకసారి నవ్వు కూడా. బయటికొచ్చి మా ఆవిడ పెట్టె మళ్ళీ నాకిచ్చింది. వీధిలో పోయేవాళ్ళు నన్ను చూస్తూ పోయారు. తర్వాతి వారమూ అంతే. ఆ తర్వాతా అంతే. పిన్ని నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. నేనున్నట్టు కూడా ఎప్పుడూ అనలేదు.

అయిదో ఆదివారం వాన పడేలా ఉంది. వీధిలో దుమ్ము లేస్తోంది. నేను ఎప్పట్లాగే మెట్టు మీద వీపు తిప్పుకుని కూర్చున్నాను. లోపల మా ఆవిడ చదువుతున్నది ఆగింది.

"ఒరేయ్," అంది పిన్ని. "గాలొస్తోంది, తలుపెయ్యి."

లోపలినుంచా, బయటినుంచా? చెప్పలేదు. మా ఆవిడ వంక చూశాను. ఆమె పుస్తకంలోకి చూస్తోంది.

లేచి, చెప్పులు మెట్టు మీద విడిచి, లోపలికి వెళ్ళి తలుపేశాను.